సంజయుని చూపు, సుయోధనుని అడుగు

ఆలంకారికులు కావ్యమును దృశ్యమనియు శ్రవ్యమనియు రెండుగా విభజించిరి. వినువాడు వినుచుండును, చూచువాడు చూచుచుండును. ఇరువురును కథకు వెలుపలనే కూర్చుందురు. ఈ విభాగము మనకు వేయేండ్లకు పైబడి చాలినది. చలనచిత్రము వచ్చినప్పుడు సయితము దానిని దృశ్యకావ్యమున చేర్చి సరిపెట్టుకొంటిమి. ఇప్పుడు కన్నులకు గంతలవలె కట్టుకొను యంత్రమొకటి వచ్చి, చూచువానిని కథలోనికే దింపెదనని పలుకుచున్నది. దీనిని వర్చువల్ రియాలిటీ అందురు. తల త్రిప్పిన వైపునెల్ల లోకము కనబడును. చేత నున్న మీటతో అందలి వస్తువును ఎత్తవచ్చును, తలుపు త్రోయవచ్చును, కొన్నింట కథాగతినే మార్పవచ్చును. ఇట్టి దానిని దృశ్యమున చేర్పవలెనా, మూడవ భేదముగా నెంచవలెనా యను విచారము మన లాక్షణికులకు తగినదే కాని యంత్రజ్ఞులకు మాత్రమే విడువదగినది కాదు.

విషయము మనకు పరాయిదియు కాదు. ఎస్.ఎస్. రాజమౌళి 'బాహుబలి' మొదటి భాగము 2015 జులై 10వ తేదీనను, రెండవ భాగము 2017 ఏప్రిల్ 28వ తేదీనను వెలువడెను. రెండవ భాగము సిద్ధమగుచున్న కాలముననే నిర్మాతలగు ఆర్కా మీడియా వర్క్సువారును, అమెరికాలోని ఏ.ఎం.డి. సంస్థయందు చిత్రములను గీయు చిప్పుల విభాగమునకు నాడు అధిపతిగా నుండిన తెలుగువాడు రాజా కోడూరియు కలిసి 'ది స్వోర్డ్ ఆఫ్ బాహుబలి' అను వర్చువల్ రియాలిటీ కృతిని తలపెట్టిరి. నటులతో తీసిన చిత్రమును, కంప్యూటరు అప్పటికప్పుడు గీసి చూపు లోకమును జతపరచి, చూచువానిని మాహిష్మతిలో నిలుపుట దాని సంకల్పము. (కట్టప్ప బాహుబలిని ఏల చంపెనను ప్రశ్నకు రెండేండ్లపాటు తెలుగుదేశమంతయు తనకు తోచిన సమాధానములు కల్పించుకొనుచు గడిపినది. యంత్రమేమియు లేకయే ఆ కథలో జనులందరును చేయి పెట్టిరని చెప్పినను తప్పు లేదు.) ఆ యొక్క కృతి గుణదోషములను ఎంచుట ఇచ్చట నా పని కాదు. అందు కోరిన జతలోనే ఒక చిక్కు కలదు. దేశాంతరములందు ఇట్టి జతకు పూనుకొన్న వారందరికిని అది ఎదురగుచున్నది. దానిని విప్పుటకు మన భారతమున రెండు ఘట్టములు మిక్కిలి ఉపకరించును.

మొదట చిత్రమును గూర్చి. నలుదిక్కులను ఒక్కమారు చూపవలెనను కోరిక చలనచిత్రముతోడనే పుట్టినది. 1900లో పారిస్ నగరపు మహాప్రదర్శనమున రౌల్ గ్రిమోయిన్ సాన్సన్ అనునతడు 'సినియోరమా' అను దానిని నెలకొల్పెను. జనులు గుండ్రని మందిరము నడుమ బెలూను బుట్టవంటి దానిలో నిలువగా, చుట్టును గల తెరపై పది ప్రొజెక్టర్లు నగరముపైకి బెలూను లేచు దృశ్యమును పరచునట్లు ఏర్పాటు చేసిరి. దీపముల వేడిమికి జడిసి దానిని కొలది దినములలోనే మూసివేసిరి. నేటి 360 డిగ్రీల కెమెరా చేయునదియు ఇదియే, వేడిమి మాత్రము లేదు. అది ఒక్క చోట నిలిచి, ఆ చోటికి వచ్చిన వెలుగునంతను పట్టును. కావున చూచువాడు తల ఎటు త్రిప్పినను దృశ్యము కలదు. కాని ఒక జానెడు ప్రక్కకు వంగినచో, ఆ క్రొత్త చోటినుండి లోకమెట్లుండునో ఆ కెమెరా ఎరుగదు గనుక, దృశ్యము వానితో కూడ కదలును గాని మారదు. బుట్టలో నిలిచిన వాడు బుట్టలోనే యుండును.

ఇది సంజయుని చూపు. యుద్ధారంభమున వ్యాసుడు ధృతరాష్ట్రునకు దివ్యదృష్టి నొసగెదననెను. కొడుకుల చావును కన్నులార చూడలేనని ఆతడు నిరాకరించి, వినుటకు మాత్రము ఒప్పుకొనెను. అంతట ఆ చూపు సంజయునకు సంక్రమించెను. సంజయుడు అన్నియు చూచును, అన్నియు వినును. ఒక్క బాణమునైనను ఆపలేడు. ధృతరాష్ట్రుని నిరాకరణమును పిరికితనముగా తలచుట కలదు గాని, నాకు అందొక వివేకము తోచును. చేయి చాపుటకు వీలులేని చోట కన్ను తెరచుట ఎంత బరువో ఆతడు ఎరుగును. ఆ బరువును మోసిన చిత్రములే ఈ జాతిలో మేలైనవి. 2015లో ఐక్యరాజ్యసమితి పక్షమున గాబో అరోరా, క్రిస్ మిల్క్ తీసిన 'క్లౌడ్స్ ఓవర్ సిద్రా' జోర్డానులోని జాతారి శిబిరమునందలి పన్నెండేండ్ల సిరియా బాలిక చెంత చూచువానిని కూర్చుండబెట్టును. ఆ పిల్ల మాటలు వినవచ్చును, బడిని చూడవచ్చును, చుట్టును మూగిన బాలుర ముఖములు చూడవచ్చును. అంతకుమించి ఏమియు చేయలేము. ఆ చేయలేమి యందే ఆ చిత్రపు నిజాయితీ కలదు. ఆ పిల్లను మనము ఉద్ధరించితిమను భ్రమను అది కల్పింపదు.

ఇక రెండవది మయసభ. ధర్మరాజు రాజసూయానంతరము దుర్యోధనుడు ఆ సభను చూడబోయి, స్ఫటికపు నేలను నీరని భ్రమించి వస్త్రము పైకెత్తికొనెను. నీటిని నేలయని తలచి అందు పడెను. తలుపు లేదనుకొన్న చోట తల కొట్టుకొనెను. ఇచ్చట చూచువాడు వెలుపల లేడు. మాయ వాని కాలిక్రిందికే వచ్చినది. వాడడుగు వేసినంతనే సభ బదులు చెప్పును. ఆ బదులు వాని దేహమునకును, పిదప వాని అభిమానమునకును తగులును. కంప్యూటరు గీయు లోకము ఇట్టిది. అది ముందుగా తీసి దాచిన బొమ్మ కాదు. చూచువాడు ఉన్న చోటును, చూచు దిక్కును ఎప్పటికప్పుడు కనిపెట్టి, ఒక్కొక్క కంటికి వేరువేరుగా, నిమిషము కాదు, సెకనుకు సుమారు తొంబదిమారులు క్రొత్తగా గీయును. వంగినచో బల్ల క్రింద నేమున్నదో కనబడును. చేయి చాచినచో కత్తి లేచును. కాని ఆ లోకమున జీవముగల ముఖము దొరకుట కష్టము. మయుడు నేలను, నీటిని, గోడను కల్పించెనే గాని మనిషిని కల్పింపలేదు.

ఈ రెంటికిని గల భేదము మన ప్రేక్షకులకు 1977లోనే ఒక విధముగా అనుభవమునకు వచ్చినది. ఆ యేడు సంక్రాంతికి వచ్చిన 'దాన వీర శూర కర్ణ'లో ఎన్.టి. రామారావు సుయోధనుడై మయసభలో తిరుగుచు తనలో తాను పలికిన పలుకులు నేటికిని కృష్ణాతీరమున కంఠస్థముగ నున్నవి. ఆ ఘట్టపు బలమెక్కడిది? లోపలివాడు అడుగు వేయుచున్నాడు. వెలుపలివారమగు మనకు వాడు పడునని తెలియును. సుయోధనుని అడుగును మనము సంజయుని చూపుతో చూచుచున్నాము. అందుచేతనే వాని అవమానము మనకు అవమానము కాక, రసమగుచున్నది.

ఇప్పుడు చిక్కు తేటపడును. చిత్రమును, గీసిన లోకమును జతపరచిన కృతిలో ఒకే ప్రేక్షకుడు కొంతసేపు సంజయుడును, కొంతసేపు సుయోధనుడును కావలసి యున్నది. గీసిన కోటలో కత్తినెత్తి, తలుపు త్రోసి, పదిమంది నడుమ తిరిగినవాడు, చిత్రభాగము రాగానే ఒక్కసారిగా కాళ్లుచేతులు లేని ప్రేతమగును. చిత్రమున పట్టిన నటుడు తీసిననాడు ఎటు చూచెనో ఎల్లకాలమును అటే చూచును. నేను రెండడుగులు ప్రక్కకు జరిగినను, నేను విడిచిన శూన్యస్థలముతోడనే ఆతడు గంభీరముగా సంభాషించుచుండును. నటుని పలుకెంత గొప్పదైనను ఆ క్షణమున నవ్వు రాక మానదు. దీనిని మరుగుపరచుటకు కొందరు చీకటి తెరను దించుదురు. కొందరు ప్రేక్షకుని ఏదో యొక ఆసనమునకో బండికో కట్టివేయుదురు. కొందరు నటుని అనేక కెమెరాల నడుమ నిలిపి, అన్ని ప్రక్కలనుండియు రూపమును పట్టి, గీసిన లోకమున నిలుపుదురు. చివరి మార్గము యంత్రవిషయమున మేలైనది. అయినను ఆతని చూపు నాతో కలియదు. చుట్టి చూచుటకు వీలైన విగ్రహము మాత్రమే యగును.

అతుకు యంత్రమున మాత్రమే యున్నచో కొన్నేండ్లకు యంత్రజ్ఞులే దానిని సరిచేయుదురు. లోతైన చిక్కు రసవిషయమైనది. అభినవగుప్తుడు రసానుభవమునకు ఏడు విఘ్నములను చెప్పెను. అందొకటి, నాటకమున జరుగునది నాకే జరుగుచున్నదనియో, ఫలానివానికే జరుగుచున్నదనియో దేశకాలములకు కట్టుబడి తలచుట. మరియొకటి, తన సొంత సుఖదుఃఖములలో మునిగిపోవుట. ఈ విఘ్నములు తొలగినగాని భావము సాధారణీకృతమై రసము కాదు. కంటికి కట్టుకొను యంత్రము అమ్మజూపు సరుకు, విచారించి చూడగా, ఈ మొదటి విఘ్నమే. "ఇది నీకే జరుగుచున్నది" అని అది ఘోషించుచున్నది. నా పైకి కత్తి వచ్చినచో నేను వెనుకకు జంకుదును. అది భయమే కాని భయానకరసము కాదు. సంతలో రంకులరాట్నమెక్కినవానికి కలుగునదియు అట్టిదే. దానిని హీనమనను గాని, కావ్యమనియు అనజాలను.

ఆ విఘ్నములకు పరిహారములను కూడ అభినవగుప్తుడు చెప్పియే యున్నాడు. పూర్వరంగము, నటీనటుల ప్రస్తావన, వేషము, రంగమంటపము, గీతవాద్యములు. ఇవన్నియు ఇది నాట్యమని ముందుగా తెలిపి, 'నేను, నాది' అను ముడిని సడలించునవి. అనగా కథలోనికి ప్రవేశమునకు ముందొక గడప యుండవలెను. నేను చెప్పదలచిన ముఖ్యవిషయమిదియే: రెండు జాతుల దృశ్యములను జతపరచు పని అతుకును దాచుటవలన కాదు, అతుకును గడపగా చేయుటవలన నెరవేరును. ఆ గడపయొద్ద నిలుచువాడు సూత్రధారుడు.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. ఇదే కృష్ణాతీరమున కూచిపూడివారి భామాకలాపమును చూడుడు. ఇరువురు తెర పట్టుదురు. సత్యభామ ఇంకను కనబడకయే, తెరమీదుగా ఆమె జడ వెలుపలికి పడును. ఆ జడ ఒక సవాలు. విద్యలో తనను ఓడింపగలవాడెవడైనను సభలో నున్నచో దానిని కోయవచ్చునని దాని భావముగా సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. కోసినవాడున్నాడా యను ప్రశ్నతో మనకు పని లేదు. కథ మొదలుకాకమునుపే ప్రేక్షకునకు అధికారమొకటి ఒసగి, దానికొక వెలను కూడ కట్టిరి, ఇది గమనింపదగినది. పిమ్మట సూత్రధారుడే మాధవియై ఆమెను పలుకరించును, పెనిమిటి పేరు చెప్పుమని వేధించును, మనము అడుగగోరునది తానడుగును. ఆతడు సగము కథలోనివాడు, సగము మనలోనివాడు. ఆతనిని నమ్మి మనము లోనికి పోవుదుము, ఆతనితోడనే వెలుపలికి వత్తుము. ఒక్క నటుడు అవలీలగా చేయు ఈ పనికి బదులుగా నేటివారు చీకటి తెరను వాడుకొనుచున్నారు.

అధికారమునకు వెల యనుమాట మరికొంత విచారింపవలసినది. 1967లో మాంట్రియాల్ ప్రదర్శనమున చెకొస్లొవేకియా పక్షమున రదూజ్ చించెరా 'కినోఆటోమాట్' అను చిత్రమును ప్రదర్శించెను. కథ కొంత నడచి ఆగును; ప్రేక్షకులు తమ కుర్చీలకున్న మీటలు నొక్కి, నాయకుడేమి చేయవలెనో తీర్పు చెప్పుదురు; అధికసంఖ్యాకులు కోరినట్లు కథ సాగును. చిత్రము తగులబడుచున్న ఇంటితో మొదలగును. ఎవరేమి నొక్కినను తుదకు ఇల్లు తగులబడియే తీరును! ఏలన, ప్రతి ఎన్నిక తరువాతను రెండు దారులును మరల ఒక్కచోటనే కలియునట్లు కథ అల్లబడినది. చించెరా దీనిని బుద్ధిపూర్వకమైన ఎగతాళిగా చేసెను గనుక అది కళ. ఆయన తరువాతి వారిలో అనేకులు ఎగతాళి లేకయే అదే అల్లికను వాడుచున్నారు. ఎడమదారిన పోయినను కుడిదారిన పోయినను ఒక్క వాకిటికే చేరు ఇల్లు అది. ప్రేక్షకుడు రెండవమారు చూచునప్పుడు ఇది పసిగట్టును. పిదప వాని వ్రేలు మీటమీద నుండునే గాని మనసుండదు.

దీనికి ఎదురుగా బేతాళకథలను నిలిపి చూడుడు. విక్రమార్కుడు శవమును మోయుచు కథ వినును. తెలిసియు బదులు చెప్పకున్నచో తల పగులును. చెప్పినచో మౌనము భంగమై శవము మరల చెట్టెక్కును. రెండు దారులకును వెల కలదు. నిజము తెలిసినవాడు గనుకనే చెప్పవలసివచ్చును, చెప్పినందుననే శ్రమ వ్యర్థమగును. చందమామ చదువుకొన్న తరములవారందరికిని ఈ కట్టడి ఎరుకయే. తుదకు సమాధానము తెలియని కథ వచ్చి, రాజు నిజముగా మౌనము వహించినప్పుడే ఆ ప్రయాణము ముగియును. ప్రేక్షకుని ఎన్నికపై కథను నడుపగోరువారు ఇంతకంటె మంచి ఎత్తుగడను ఎచ్చటను వెదకనక్కరలేదు.

మరియొక ఉదాహరణము చెప్పి అసలు పరీక్షకు పోవుదును. 1957లో కె.వి. రెడ్డి తీసిన 'మాయాబజార్'లో రెండు వింతవస్తువులు గలవు. ఒకటి ప్రియదర్శిని, ఆ పెట్టెను తెరచినవారికి తమకు ప్రియమైనది కనబడును. శశిరేఖకు అభిమన్యుడు కనబడెను, బలరామునకు దుర్యోధనుడు కనబడెను. కృష్ణునకు శకుని కనబడెను! రెండవది సత్యపీఠము, దానిపై నిలిచినవాని నోట నిజము వెలువడును, శకుని తెలియక దానినెక్కి తన కుట్రను తానే బయటపెట్టును. పింగళి నాగేంద్రరావు రచనలోని ఈ జంటను హాస్యమునకే గాక, నేటి యంత్రములకు లక్షణముగా కూడ గ్రహింపవచ్చును. వర్చువల్ రియాలిటీ కృతులలో చాలభాగము ప్రియదర్శినులు: కోరినది చూపును. మాహిష్మతివంటి వైభవమును చూడగోరువారికి అది చాలును, చాలుటలో దోషమును లేదు. కాని ప్రేక్షకునకు చేయి నొసగిన కృతి, ఆ చేయి ఏమి చేసినదో వానికే చూపినప్పుడు గదా సత్యపీఠమగును!

పరీక్ష యంటిని. దానికి ఇబ్రహీంపట్నమును తీసికొందము. విజయవాడకు ఎగువనున్న ఈ యూరియొద్ద, 2015 నుండి, పట్టిసీమలో ఎత్తిపోసిన గోదావరినీరు పోలవరము కుడికాలువ వెంబడి వచ్చి, బుడమేరు మళ్లింపుకాలువ ద్వారా కృష్ణలో కలియుచున్నది. ఆ చోటిని పవిత్రసంగమమని పిలుచుచున్నారు. అచ్చటి ఘట్టముమీద నలుదిక్కుల కెమెరాను నిలిపినచో అందమైన చిత్రము వచ్చును. కాని ఏ నీరు ఏ నదిదో ఆ చిత్రము చెప్పజాలదు. ఆ మళ్లింపుకాలువకు మరియొక పనియు కలదు: బుడమేరు పొంగినప్పుడు వెలగలేరు రెగ్యులేటరునుండి వరదను కృష్ణలోనికి త్రిప్పుట. 2024 ఆగస్టు చివరను, సెప్టెంబరు మొదటను మహావర్షములు కురిసి, ప్రకాశం బరాజునొద్ద కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులు ప్రవహించెను. అంతకుమునుపు అచ్చట అంత నీరు లెక్కకు రాలేదు. నదియే అంత ఎత్తున నున్నప్పుడు కాలువనీరు అందులో దిగుట దుర్ఘటము. కాలువకు మూడు గండ్లు పడినవి. వెలగలేరు తలుపులెత్తగా నీరు దిగువకు పారినది. విజయవాడలో సింగునగరు మొదలగు ప్రాంతములు దినములతరబడి నీట నుండెను. ఆ దినముల చిత్రములు, డ్రోనులు పట్టినవి, డాబాలపైనుండి జనులు ఫోనులతో పట్టినవి, లెక్కకు మిక్కిలిగా నున్నవి.

ఈ చిత్రములను చేర్చి రేపెవరైనను వర్చువల్ రియాలిటీ కృతిని కట్టవచ్చును. ఎట్లు కట్టుదురు? సులువైన దారి యొకటి కలదు. మునిగిన వీధిని గీసి, ప్రేక్షకునకొక పడవ నిచ్చి, డాబామీది తల్లిని బిడ్డను రక్షింపుమని, రక్షించినందుకు అంకెలు వేయుట. నిజముగా నిలిచిన తల్లిని ఆటబొమ్మగా చేయు ఆ పని నాకు అసహ్యము. చూచినవాడు గంతలు విప్పి, తానేదో పుణ్యము చేసితినని తృప్తిపడి పోవును; డాబామీదివారికి నాడు పడవ రాని గంటలు ఆ తృప్తిలో మాసిపోవును.

రెండవ దారి భారతము చూపినది. అడుగు వేయుట గీసిన లోకమున జరుగవలెను. చూచుట చిత్రమున జరుగవలెను. మొదటిది ముందు, రెండవది వెనుక. ప్రేక్షకుని ఆ రాత్రి వెలగలేరునొద్ద నిలుపుడు. అది గీసిన లోకము, సుయోధనుని సభ. వాన కురియుచున్నది, నీటిమట్టపు కొలత ఎదుట నున్నది, మీట చేతిలో నున్నది. తలుపెత్తినచో నీరు నగరమువైపు పోవును; ఎత్తకున్నచో కాలువగట్టు తెగి కొండపల్లి, ఇబ్రహీంపట్నముల వైపు పల్లెలపై పడును. బేతాళుని ప్రశ్నవలె రెండింటికిని వెల కలదు, మౌనమునకును కలదు. వాడేదో యొకటి చేయును. అంతట మీటను తీసివేయవలెను. ఇక వచ్చునది చిత్రము. వీధులు, నీరు, ముఖములు, తల ఎటు త్రిప్పినను అదియే, చేయుటకేమియు లేదు. ఇప్పుడు వాని నిస్సహాయత యంత్రలోపముగా తోచదు. చేయవలసిన క్షణము గడచిపోయినదని వానికి తెలియును. అతుకు అతుకుగానే యుండి, అర్థవంతమైనది. మరల మొదటినుండి ఆడి రెండవ దారిని చూచుటకు మాత్రము వీలీయరాదు. ఆ రాత్రి మీటయొద్ద నిలిచినవారికి అట్టి వీలు లేకుండెను గదా.

ఇట్లు చేసినను సూత్రధారుడు లేనిదే పని తీరదు. ప్రేక్షకుడు తలుపెత్తెడి పనిని తానే చేసితినని నమ్మి, అసలు నిర్ణయము చేసినవారిమీద తీర్పు చెప్పుటకు పూనుకొనవచ్చును. లేదా గీసిన కొలతలనే చరిత్రయని తలచవచ్చును. కావున మొదట, గంతలు కట్టుకొనకమునుపే, ఆ వరదను ఎరిగిన ఊరివారొకరు ఎదుటికి వచ్చి మాటలాడవలెను. అందులో ఏది గీసినది, ఏది తీసినది, ఏ కొలత లెక్కలనుండి వచ్చినది, ఏది ఊహించినది యని విప్పి చెప్పవలెను. డాబాలమీద కనబడువారిని ముందుగా అడిగిరా లేదా, ఎవరు వలదనిరి, వారి ముఖములకు బదులుగా ఏమి చూపుచున్నారు అను సంగతులను కూడ ఆ మనిషియే చెప్పవలెను.